గూఢచారి కూడా ఉద్యోగే

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా జరిగిన పాఠకుల సభలో, ఆడిట్‌లో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల ఉన్నవాళ్ళకి వినపడుతోందా? ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. సాహిత్య సభల్లో మొదటి వరసలో ఎవరూ కూర్చోరు, ఎందుకో తెలీదు. వక్త చేత్తో ఏమైనా విసురుతాడని భయమేమో.

నాకిచ్చిన అంశం పాత గూఢచారి నవలల ఆకర్షణ. ఈ మాట అనగానే మీకేం గుర్తొస్తుంది? పిస్తోలు. కారు ఛేజింగు. కోటు వేసుకున్న హీరో. అంతేనా? నేను దీనికి పూర్తిగా ఎదురు మాట చెబుతాను. ఈ నవలల్లో నిలబడ్డవి ఉన్నాయి చూడండి, యాభై అరవై ఏళ్ళయినా మళ్ళీ మళ్ళీ అచ్చవుతున్నవి, అవన్నీ ఆఫీసు నవలలు. ఫైళ్ళు, మెమోలు, ఖర్చుల బిల్లులు, పై అధికారుల మధ్య తగాదాలు, రిటైర్మెంటు, సీనియారిటీ. వాటి ఆకర్షణ అంతా అక్కడే ఉంది.

నవ్వుతున్నారు. ఆడిట్ వాడికి లోకమంతా ఓచర్లే కనపడతాయి అనుకుంటున్నారు. సరే, అయితే జేమ్స్ బాండ్‌తోనే మొదలుపెడదాం. మీరు సినిమాలు చూశారు, నేనూ చూశాను. పుస్తకం వేరు. ఇయాన్ ఫ్లెమింగ్ 1955లో ‘మూన్‌రేకర్’ అని రాశాడు. మొదటి అధ్యాయంలో బాండ్ ఏం చేస్తుంటాడో తెలుసా? సోమవారం. ఆఫీసుకొచ్చాడు. శని, ఆదివారాల్లో పేరుకున్న కాగితాలు టేబులు మీద గుట్టగా ఉన్నాయి. వాటిని చూస్తూ విసుక్కుంటున్నాడు. అసలు పని, అంటే మనం సినిమాల్లో చూసే పని, ఏడాదికి రెండు మూడుసార్లే వస్తుందట. మిగతా రోజులంతా పదింటికి రావడం, ఆరింటికి పోవడం. జీతం ఏడాదికి 1500 పౌండ్లు, సివిల్ సర్వీసులో ఒక ప్రిన్సిపల్ ఆఫీసరు జీతం. నలభై అయిదేళ్ళు రాగానే ఇలాంటి ప్రమాదకరమైన పనులు చేసే ‘00’ ఏజెంట్ల జాబితాలోంచి పేరు తీసేసి హెడ్డాఫీసులో కూర్చోబెడతారు. ఇంకా ఎనిమిదేళ్ళుంది అని లెక్క వేసుకుంటాడు. బాండ్! రిటైర్మెంటుకి ఎన్నేళ్ళుందో లెక్క వేసుకునే బాండ్ మీకు ఏ సినిమాలోనైనా కనపడ్డాడా?

ఫ్లెమింగ్‌కి ఇది ఎలా తెలుసు? రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన చేసింది ఇదే. బ్రిటిష్ నౌకాదళ గూఢచారి విభాగంలో, డైరెక్టరుకి సహాయకుడిగా లండన్‌లో టేబులు ఉద్యోగం. ఆయన రాసిన మొదటి నవల ‘కేసినో రాయల్’, 1953. అందులో బాండ్ హోటల్ గదికి తిరిగొచ్చి మొదట ఏం చూస్తాడంటే, రాతబల్ల సొరుగులో తను పెట్టి వెళ్ళిన వెంట్రుక ఉందా లేదా అని. తర్వాత బీరువా పిడి లోపలి అంచున చల్లిన టాల్కం పౌడరు చెదిరిందా అని. తర్వాత స్నానాలగదిలో ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి, నీళ్ళు తను గీసి పెట్టుకున్న గీత దగ్గరే ఉన్నాయా అని. మూడూ సరిపోయాయి. అప్పుడు నడుం వాలుస్తాడు. కాల్పులు లేవు, ఏమీ లేదు. అయినా ఆ పేజీ చదువుతుంటే మనకి టెన్షన్. ఎందుకు? ఒక మనిషి తన పని పద్ధతిగా చేయడం చూస్తున్నాం కాబట్టి. కంసాలి పని చూస్తూ కొట్టు ముందు నిలబడిపోతాం కదా, అలాగన్నమాట.

ఈ పద్ధతికి మూలం ఫ్లెమింగ్ కాదు. అంతకు పాతికేళ్ళ ముందే సోమర్‌సెట్ మామ్ ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు ఆయన్ని స్విట్జర్లాండులో గూఢచారిగా పెట్టారు. పైకి నాటకాలు రాసుకునే రచయిత, అది నిజమే కూడా. ఆ అనుభవంతోనే 1928లో ‘ఆషెండెన్’ వచ్చింది. ఆషెండెన్ చేసే పని ఏమిటి? తన కింది వాళ్ళని చెప్పిన వేళకి కలవడం, వాళ్ళకి జీతాలివ్వడం, రిపోర్టులు రాసి పంపడం. సంతలో వెన్న అమ్మే ముసలమ్మ దగ్గరికెళ్ళి వెన్న కొనడం, దాంతోపాటు చేతిలోకి వచ్చే చీటీ జేబులో వేసుకోవడం. తన బతుకు గుమాస్తా బతుకంత చప్పగా ఉందని ఆయనే అంటాడు. తను పంపిన రిపోర్టులు పైన ఎవరైనా చదువుతున్నారా అని అనుమానం కూడా. ఇక్కడ ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళు చాలామంది కనపడుతున్నారు. మీకా అనుమానం ఎప్పుడూ రాలేదూ?

ఆ పుస్తకంలో ఒక కథ ఉంది. గ్రీకు దూతని ఒకణ్ణి అడ్డుకోవాలి. దానికి ఒక కిరాయి మనిషిని పెట్టుకుంటారు. వాడు మహా గొప్పలు చెప్పుకునే మనిషి. పని పూర్తి చేశానంటాడు. అప్పుడు టెలిగ్రాం వస్తుంది, సంకేత భాషలో. ఆషెండెన్ అక్షరం అక్షరం విప్పుతూ కూర్చుంటాడు. అసలు మనిషికి ఒంట్లో బాగోలేక ఓడే ఎక్కలేదని అందులో ఉంటుంది. అంటే చచ్చిపోయింది ఎవరు? ఎవరో. కథ అక్కడితో ఆగిపోతుంది. డిటెక్టివ్ కథలో అయితే చివర హంతకుడు దొరుకుతాడు, మనం హాయిగా పుస్తకం మూసేస్తాం. ఇక్కడ హంతకుడి జీతం ఇచ్చేది మనమే.

ఇక గ్రాహం గ్రీన్. ఈయన దగ్గర కాస్త ఆగుతాను. ఆడిట్ వాణ్ణి కదా, ఈయన్ని వదిలి వెళ్ళలేను.

‘అవర్ మ్యాన్ ఇన్ హవానా’ 1958లో వచ్చింది. హవానా అంటే క్యూబా రాజధాని. అక్కడ వర్మోల్డ్ అని ఒక ఇంగ్లీషువాడు వ్యాక్యూమ్ క్లీనర్లు అమ్ముకుంటూ ఉంటాడు. భార్య వదిలేసి వెళ్ళిపోయింది. కూతురు ఎదిగింది, ఆ పిల్లకి గుర్రం కావాలి. ఖర్చు పెరిగింది, వ్యాపారం లేదు. అప్పుడు లండన్ నుంచి ఒకాయన వచ్చి, మా తరఫున గూఢచారిగా ఉంటావా, జీతం ఇంత, కింద ఏజెంట్లని పెట్టుకుంటే వాళ్ళ ఖర్చులు వేరే అంటాడు. ఇతనికి ఏజెంట్లు ఎక్కణ్ణుంచి వస్తారు? కంట్రీ క్లబ్బు సభ్యుల జాబితా తీసి, అందులో పేర్లు ఎంచి వీళ్ళే నా ఏజెంట్లు అని రాసి పంపేస్తాడు. జీతాలు వస్తున్నాయి. లండన్ వాళ్ళు సమాచారం ఏదీ అంటారు. ఏం చేస్తాడు? షాపులో ఉన్న వ్యాక్యూమ్ క్లీనరు భాగాల బొమ్మలు గీసి, ఇవి కొండల్లో కడుతున్న రహస్య ఆయుధాలు అని పంపుతాడు. లండన్‌లో పెద్దలు ఆ బొమ్మలు చూసి హడలిపోతారు. ఎంత పెద్ద ఆయుధమో అని.

ఇది నవ్వులాట అనుకుంటున్నారా? ఇలాంటిది నిజంగా జరిగింది. గ్రీన్ యుద్ధకాలంలో బ్రిటిష్ గూఢచారి సంస్థలో పోర్చుగల్ వ్యవహారాలు చూశాడు. అక్కడి జర్మన్ ఏజెంట్లు ఉత్త కల్పనలు రిపోర్టులుగా పంపి డబ్బులు తీసుకోవడం ఆయనకి తెలుసు. వాళ్ళందరిలోకీ పెద్ద కథ హువాన్ పుజోల్ అనే స్పానిష్ ఆయనది. ఆయనకి హిట్లర్ అంటే అసహ్యం. బ్రిటిష్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి పని ఇమ్మన్నాడు, పొమ్మన్నారు. అప్పుడు జర్మన్ల దగ్గరికి వెళ్ళి వాళ్ళ దగ్గర చేరాడు. నేను లండన్‌లో ఉండి రిపోర్టులు పంపుతున్నాను అని చెప్పి, లిస్బన్‌లో కూర్చుని, ఒక టూరిస్టు గైడు ముందేసుకుని రిపోర్టులు అల్లేవాడు. ఎంతవరకు వెళ్ళాడంటే, గ్లాస్గోలో ఒక లీటరు వైను పోయిస్తే ఏ పనైనా చేసిపెట్టే మనుషులున్నారని రాశాడు. స్కాట్లండు వాళ్ళు వైను తాగే రకమా?

ఆడిట్ వాళ్ళకి నచ్చే ముక్క ఇప్పుడు వస్తుంది. ఖర్చుల లెక్క పంపాలి. అప్పట్లో ఇంగ్లీషు డబ్బుకి పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు. ఈయనకి ఆ లెక్క తెలీదు. అందుకని విడివిడిగా పద్దులు రాసి, మొత్తం తర్వాత పంపిస్తానని రాసేవాడు. మొత్తం లేని బిల్లు! నా టేబులు మీదికి వస్తే ఒక్క నిమిషంలో అబ్జెక్షన్ రాసి తిప్పి పంపేవాణ్ణి. జర్మన్ గూఢచారి విభాగంలో ఆ పని చేసినవాడు ఒక్కడూ లేడు.

తర్వాత బ్రిటిష్ వాళ్ళకి విషయం తెలిసి, 1942లో ఆయన్ని నిజంగానే లండన్ తీసుకొచ్చి, గార్బో అని పేరు పెట్టి, అదే పని చేయించారు. లేని ఏజెంట్లు 27 మంది తయారయ్యారు. లివర్‌పూల్‌లో ఉన్న ‘ఏజెంటు’ ఒకాయన జబ్బుచేసి పోయాడని పేపర్లో చావు ప్రకటన కూడా వేయించారు. జర్మన్లు ఆయన భార్యకి పింఛను ఇచ్చారు. లేని మనిషికి లేని భార్య, ఉన్న పింఛను. 1944లో ఫ్రాన్సు తీరంలో నార్మండీ మీద మిత్రదేశాల దాడి జరిగినప్పుడు, అసలు దాడి ఇది కాదు, కలే అనే ఊరి దగ్గర జరుగుతుంది అని జర్మన్లని నమ్మించినవాళ్ళలో ఈయన ముఖ్యుడు. చివరికి జర్మన్లు ఐరన్ క్రాస్ ఇచ్చారు, బ్రిటిష్ వాళ్ళు ఎంబీఈ బిరుదిచ్చారు.

గ్రీన్ నవలలో చివర ఏమవుతుందో చెప్పనా? చదవనివాళ్ళు ఒక్క నిమిషం చెవులు మూసుకోండి. వర్మోల్డ్ గుట్టు బయటపడుతుంది. లండన్ పెద్దలకి తెలిసిపోయింది, ఇన్నాళ్ళూ మోసపోయామని. ఇప్పుడు శిక్షిస్తే మోసపోయామని ఒప్పుకున్నట్టే. అందుకని ఏం చేశారు? బిరుదిచ్చి, శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పే ఉద్యోగం ఇచ్చారు. ఇది అతిశయోక్తి అనుకునేవాళ్ళు చేతులెత్తండి. చూశారా, ఒక్కరూ ఎత్తలేదు.

మన దగ్గర దీనికి మందు ఎప్పుడో చెప్పారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది. గూఢచారులు ఒకరికొకరు తెలియకూడదు, ముగ్గురు చెప్పింది ఒక్కలా ఉంటేనే నమ్మాలి అని. ఇంత కంటే మంచి ఆడిట్ మాన్యువల్ నేను చూడలేదు. కాకపోతే ముగ్గుర్నీ ఒకే వర్మోల్డ్ పుట్టించినప్పుడు ఏం చేయాలో ఆయన కూడా చెప్పలేదు.

ఫ్రెడరిక్ ఫోర్సైత్ అనే ఇంగ్లీషు రచయిత గురించి త్వరగా చెప్పేస్తాను. ‘ద డే ఆఫ్ ద జాకాల్’ 1971. ఇది గూఢచారి నవలే కాదని గొడవ పడేవాళ్ళున్నారు, పడనివ్వండి. ఫ్రెంచి అధ్యక్షుడు డీగాల్‌ని చంపడానికి కిరాయి హంతకుడు బయల్దేరతాడు. డీగాల్ 1970లో ఇంట్లోనే మామూలుగా పోయాడు, ప్రపంచానికంతా తెలుసు. అంటే హంతకుడు ఓడిపోతాడని మొదటి పేజీలోనే తెలుసు. ప్రచురణకర్తలు కూడా ఇదే చెప్పి తిప్పి పంపారు. మరి మనం రాత్రి రెండింటి దాకా ఎందుకు చదువుతాం? మళ్ళీ అదే. పని. చచ్చిపోయిన పసిబిడ్డ పేరు సమాధి మీద చూసి, ఆ పేరుతో జనన ధృవీకరణ పత్రం తెప్పించుకుని, దాంతో పాస్‌పోర్టు సంపాదిస్తాడు. ఆ కంత అప్పట్లో బ్రిటన్‌లో నిజంగా ఉండేది. ఇటు పోలీసులది కూడా కాగితాల పనే. అప్పట్లో ఫ్రాన్సులో ఏ హోటల్లో దిగినా కార్డు నింపాలి, ఆ కార్డులు పోలీసులకి వెళ్ళాలి. కార్డు ఊరి స్టేషన్ నుంచి పారిస్ చేరేలోపు వాడు గది ఖాళీ చేసేస్తాడు. ఆ నవల మొత్తం ఒక టపా ఆలస్యం మీద నడుస్తుంది. అందులో పెద్దలంతా కూర్చునే మీటింగ్ ఉంటుంది, సమాచారం అక్కణ్ణుంచే బయటికి పోతుంటుంది. దర్యాప్తు చేసే పోలీసు అధికారి లెబెల్‌ని, ఎవరి ఫోను వినాలో ఎలా కనిపెట్టావయ్యా అంటే, తెలీదు, అందుకే మీ అందరివీ విన్నాను అంటాడు. ఆ ఒక్క మాట కోసం ఆ పుస్తకం మళ్ళీ చదువుతాను.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. జాన్ లె కారే. అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్, బ్రిటిష్ గూఢచారి సంస్థల్లో పనిచేసినవాడే. తండ్రి పచ్చి మోసగాడు, జైలుకి కూడా వెళ్ళాడు. అబద్ధం ఎలా పనిచేస్తుందో ఈయనకి ఇంట్లోనే తెలిసింది.

‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’, 1974. సంస్థలో పై వరసలో ఉన్న నలుగురిలో ఒకడు రష్యా మనిషి. ఎవరు? కనిపెట్టాల్సినవాడు జార్జి స్మైలీ. ఎలాంటి హీరో అనుకున్నారు? పొట్టిగా, లావుగా, కళ్ళజోడు తుడుచుకుంటూ ఉంటాడు. ఉద్యోగంలోంచి ఇంటికి పంపేశారు. భార్య ఇంకొకరితో ఉంటోంది. ఈయన దర్యాప్తు ఎక్కడ? లండన్‌లో ఒక చవక హోటల్ గదిలో. ఏం చేస్తాడు? ఫైళ్ళు చదువుతాడు. అంతే. రాత్రంతా పాత ఫైళ్ళు. ఆఫీసులో ఉన్న గిలం అనే ఆఫీసరు రికార్డు రూములోంచి ఫైలు దొంగతనంగా పట్టుకొస్తాడు, ఆ అధ్యాయం చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి. ఒక మనిషి తన ఆఫీసులో తన ఫైలు బయటికి తేవడం! డ్యూటీ పుస్తకంలో ఒక రాత్రి పేజీలు కనపడవు. నాకైతే అది శవం దొరికినట్టే.

ఎందుకు ఇంత పట్టు? స్మైలీ చేసే పని, మనం చేసే పని ఒకటే. ఆయన గదిలో ఒంటరిగా కూర్చుని కాగితం చదువుతున్నాడు. మనమూ అంతే. ఆయన ఏ వాక్యం దగ్గర ఆగి అనుమానిస్తాడో మనమూ అక్కడే ఆగుతాం. పిస్తోలు పట్టుకున్న హీరోతో మనకి పోలిక ఏముంది? చదివేవాడితో ఉంది.

అందులో కాన్నీ సాక్స్ అని ఒకావిడ ఉంటుంది. మహా జ్ఞాపకశక్తి. రష్యన్ ఎంబసీలో ఎవరు ఎప్పుడొచ్చారో, ఎవరికి ఎన్ని మెడల్స్ ఉన్నాయో నోటికి చెబుతుంది. ఎంబసీలో ఒకాయన మామూలు ఉద్యోగి కాదు, సైన్యం మనిషి అని పట్టుకుని పైకి చెప్పింది. ఏమైంది? ఇంటికి పంపేశారు. నిజం కనిపెట్టినందుకు. ఇప్పుడు ఆక్స్‌ఫర్డులో కుక్కతో ఉంటోంది, తాగుతోంది. ఈ నవలల్లో ఆడవాళ్ళకి న్యాయం జరగలేదని అంటారు, నిజమే, ఫ్లెమింగ్‌లో అయితే చదవలేం కూడా. పాతవాటిలో ఇంకా ఉన్నాయి. జాన్ బకన్ 1915 నాటి ‘థర్టీ నైన్ స్టెప్స్’ అందరూ మెచ్చుకుంటారు కానీ, మొదట్లోనే యూదుల మీద రాసిన మాటలు చూస్తే నాకు ముందుకి పోబుద్ధి కాలేదు. కాన్నీ సాక్స్ మాత్రం, ఉన్న కాసిని పేజీల్లోనే, పుస్తకంలో అందరికంటే ఎక్కువ గుర్తుండిపోతుంది.

ఈ నవలకి మన దేశంతో కూడా సంబంధం ఉంది. 1955లో స్మైలీ ఢిల్లీ జైల్లో ఒక రష్యన్ గూఢచారిని కలిశాడు. పేరు కార్లా. మాస్కో తిరిగి వెళ్తే నిన్ను చంపేస్తారు, మా వైపు రా అని బతిమాలాడు. కార్లా ఒక్క మాట మాట్లాడలేదు. స్మైలీయే మాట్లాడాడు, మాట్లాడాడు, ఆ వేడిలో, చివరికి తన భార్య గురించి కూడా మాట్లాడేశాడు. భార్య పేరు చెక్కి ఇచ్చిన లైటరు ఇచ్చాడు. పొద్దున్న కార్లా విమానం ఎక్కి వెళ్ళిపోయాడు, లైటరు పట్టుకుని. ఇప్పుడు చెప్పండి, అక్కడ విచారణ ఎవరిది జరిగింది? ఇరవై ఏళ్ళ తర్వాత స్మైలీకి ఎక్కడ తగలాలో కార్లాకి తెలుసు, ఎందుకంటే స్మైలీయే చెప్పాడు.

ఇక ‘ద స్పై హూ కేమ్ ఇన్ ఫ్రం ద కోల్డ్’. 1963. బెర్లిన్ గోడ 1961 ఆగస్టులో లేచింది, అప్పుడు లె కారే పశ్చిమ జర్మనీలోని బ్రిటిష్ ఎంబసీలో ఉన్నాడు. కథ గోడ దగ్గరే మొదలవుతుంది. లీమస్ అనే ఆఫీసరు తన ఆఖరి ఏజెంటు కోసం చెక్‌పోస్టు దగ్గర ఎదురుచూస్తుంటాడు. ఆ మనిషి సైకిలు మీద వస్తాడు, కళ్ళముందే కాల్చేస్తారు. లీమస్‌ని లండన్ పిలిపించి, లెక్కల సెక్షన్‌లో వేస్తారు. తాగుతాడు, ఉద్యోగం పోతుంది, ఒక లైబ్రరీలో చిన్న పని దొరుకుతుంది. మన లైబ్రేరియన్ గారు వింటున్నారా? గూఢచారులు మీ దగ్గరికే వస్తారు, కనిపెట్టుకుని ఉండండి. అరువివ్వనన్న కొట్టువాణ్ణి కొట్టి జైలుకి వెళ్తాడు. ఇదంతా నాటకం. పతనమైపోయినవాడిలా కనపడితే తూర్పు జర్మనీ వాళ్ళు చేరదీస్తారు. అక్కడికెళ్ళి వాళ్ళ గూఢచారి పెద్ద ముంట్‌ని దెబ్బతీయాలి. లీమస్‌కి చెప్పిన పని అది.

చెప్పిన పని అది. చేయించిన పని వేరు. ముంట్ లండన్ మనిషే. అతని మీద నిజంగా అనుమానం వచ్చినవాడు ఫీడ్లర్ అని ఒక నిజాయితీపరుడు. ఆ ఫీడ్లర్‌ని అంతం చేయడానికే లీమస్‌ని పంపారు, లీమస్‌కి చెప్పకుండా. తన పని దేనికో తెలియకుండా, ఆ పని అద్భుతంగా చేశాడు. తెలిస్తే అంత బాగా చేయలేడని పై వాళ్ళకి తెలుసు.

నేను ఈ పుస్తకం కుర్రాడిగా ఉన్నప్పుడు హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాను. అంతకుముందు అద్దె పుస్తకాల షాపులో మధుబాబు గారి షాడో నవలలన్నీ చదివినవాణ్ణి. షాడో దెబ్బలు కొడతాడు, ఎగురుతాడు, గెలుస్తాడు. ఆ ఆనందం వేరే, దాన్ని నేను తక్కువ చేయను. తెలుగులో లక్షలమందికి చదవడం అలవాటు చేసింది ఆ పుస్తకాలే. లీమస్ చదివినప్పుడు మాత్రం నాకు ఉద్యోగం లేదు, సగమే అర్థమైంది. ఉద్యోగంలో చేరాక మళ్ళీ చదివాను. మనం సంతకం పెట్టే ఫైలు పైన ఎవరి చేతిలో ఏ ఆయుధమవుతుందో మనకి తెలుసా? ఒక నోటు రాస్తాం, నిజమే రాస్తాం, పద్ధతిగానే రాస్తాం. దాన్ని పట్టుకుని ఇంకెవరో ఇంకెవర్నో ట్రాన్స్‌ఫర్ చేస్తారు. మనకి సంబంధం లేదు. నిజంగా లేదా? ఇంతమంది ఇలాంటి పుస్తకాన్ని ఇన్నేళ్ళు చదువుతున్నది బెర్లిన్ గోడ కోసం కాదు. ఆ గోడ 1989లోనే పోయింది.

తెలుగులో ఇలాంటిది ఎందుకు రాలేదు అని ఇందాక ఒకాయన టీ దగ్గర అడిగారు. నాకు తోచింది చెబుతాను. అక్కడ మామ్, గ్రీన్, ఫ్లెమింగ్, లె కారే నలుగురూ లోపల పనిచేసి బయటికొచ్చి రాశారు. మన దగ్గర లోపలివాళ్ళు రాయరు, రాసేవాళ్ళు లోపల ఉండరు. అయినా గూఢచారి సంస్థే కావాలని ఏముంది? ఏ రెవెన్యూ ఆఫీసులోనైనా ఒక టింకర్ టైలర్ ఉంటుంది. రిటైరైనవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఆలోచించండి.

చివరగా, ఏది ముందు చదవాలి అని చీటీ వచ్చింది. గ్రీన్ హవానా పుస్తకంతో మొదలుపెట్టండి, నవ్వుకుంటూ అయిపోతుంది. తర్వాత ‘స్పై హూ కేమ్’, చిన్న పుస్తకం, రెండు రాత్రులు. ‘టింకర్ టైలర్’ మూడోది. దానికి మాత్రం పక్కన ఒక కాగితం పెట్టుకుని, వచ్చిన పేర్లు, ఎవరు ఏ సెక్షనో రాసుకుంటూ వెళ్ళండి. మొదటి యాభై పేజీలు ఏమీ అర్థం కాదు, కొత్త ఆఫీసులో చేరిన మొదటి వారం కూడా అంతే కదా. వారం ఓపిక పట్టండి. ‘ఆషెండెన్’ ఇంగ్లీషు కాపీ ఈ గ్రంథాలయంలోనే ఉంది, వెనక బీరువాలో, పై అరలో. నేను నిన్ననే తిరిగి ఇచ్చేశాను.